టీచర్లు చదివే పుస్తకాలకూ కాస్త చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

పేపర్లో చదువుల పేజీ తెరిస్తే పరీక్షలు, ర్యాంకులు, ఏ కోర్సులో చేరితే ఏ ఉద్యోగం వస్తుంది, ఇవే కనిపిస్తాయి. పాఠం చెప్పే మనిషి ఏం చదవాలన్న మాట ఎప్పుడో గానీ రాదు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ప్రశ్న ఎలా అడగాలి, అల్లరిని ఎలా అదుపులో పెట్టాలి, నోటుబుక్కులు ఎలా దిద్దాలి, ఇలాంటి వాటి మీద టీచర్ల కోసమే రాసే పుస్తకాలు ఉంటాయి కదా, వాటి గురించి ఈ ఉత్తరం.

స్టాఫ్ రూములో ఈ పుస్తకాల మాటెత్తితే చాలు, ఎవరో ఒకరు "ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకుంటామా మేడమ్, క్లాసులో నిలబడితే అన్నీ అవే వస్తాయి" అనేస్తారు. అందులో నిజం లేకపోలేదు. కానీ క్లాసులో నిలబడగానే మనకి వచ్చేది చాలావరకు మన చిన్నప్పటి టీచర్లు చేసిందే. డాన్ లోర్టీ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1975లోనే ఈ సంగతి చెప్పాడు. మిగతా వృత్తుల్లో అడుగుపెట్టేవాళ్ళు ఆ పనిని బయటి నుంచి ఎప్పుడో ఒకసారి చూసి ఉంటారు, టీచర్ అయ్యేవాళ్ళు మాత్రం చిన్నప్పటి నుంచీ బెంచీ మీద కూర్చుని ఏళ్ళ తరబడి చూస్తూనే పెరుగుతారు. అయితే అలా చూసింది సగమే. ఆ టీచర్ ముందు రోజు రాత్రి ఏం ఆలోచించింది, ఆ లెక్కే ఎందుకు ఎంచుకుంది, ఏ పిల్లాడి మొహం చూసి దారి మార్చుకుంది, ఇవేవీ బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి కనిపించవు. ఆ కనిపించని సగం కోసమే పుస్తకం కావాలని నేనంటాను.

ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే ఉదాహరణ లేకుండా ఇదంతా ఉపన్యాసంలా ఉంటుంది. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్స్ క్లాసుల్లో మాటలన్నీ టేపు రికార్డర్లో రికార్డు చేసి, టీచర్ ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతోందో లెక్కగట్టింది. 1970ల్లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సగటున ఒక సెకను! ఆ సెకనులో జవాబు రాకపోతే టీచరే మళ్ళీ అడగడం, లేకపోతే ఇంకొకర్ని లేపడం, అదీ కాకపోతే జవాబు తనే చెప్పేయడం. అదే మూడు సెకన్లకి పైగా ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, తమంతట తామే మాట్లాడేవాళ్ళు పెరిగారు, మౌనంగా ఉండిపోయేవాళ్ళు తగ్గారు. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది చదువుతుంటే. బోర్డు ముందు నిలబడి, సుద్దముక్క చేతిలో పట్టుకుని, క్లాసంతా మన వంకే చూస్తుంటే ఆ మూడు సెకన్లు ఎంత టెన్షన్ పెడతాయో చేసి చూస్తేనే తెలుస్తుంది, నోరు దానంతటదే తెరుచుకోబోతుంది, ముందు బెంచీలో ఎప్పుడూ చెయ్యెత్తే అమ్మాయి అప్పటికే సగం లేచి నిలబడి ఉంటుంది, సిలబస్ గుర్తొస్తుంది, బెల్లు గుర్తొస్తుంది. అయినా ఆగితే, ఎప్పుడూ మాట్లాడని పిల్లాడు ఒకడు నోరు విప్పుతాడు, తప్పు చెప్పినా సరే, ఆ తప్పుతోనే వాడికి ఎక్కడ తేడా కొడుతోందో మనకి తెలుస్తుంది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న టీచర్‌కైనా తను ఎంతసేపు ఆగుతోందో తనంతట తనకి తెలియదు. స్టాప్‌వాచ్ పట్టుకుని పాఠం చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు గదా. బయటి నుంచి ఎవరో కొలిచి, రాసి పెడితేనే ఆ సంగతి మన దాకా వస్తుంది.

నోటుబుక్కులు దిద్దడం కూడా అంతే. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో చూపించింది ఏమిటంటే, పిల్లల పని మీద మార్కులు వేయకుండా వ్యాఖ్య మాత్రమే రాసి ఇస్తే ఆ తర్వాత పని మెరుగుపడింది, వ్యాఖ్యతో పాటు మార్కు కూడా వేస్తే ఆ లాభం పోయింది. ఇది చదివాక నాకు కాస్త కోపం కూడా వచ్చింది, ఎర్ర పెన్నుతో రెండు వాక్యాలు రాసి కింద మార్కు వేసి ఇచ్చే పద్ధతే కదా మన అందరిదీ, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని రాసిన ఆ రెండు వాక్యాలూ ఎవరూ చదవరన్నమాట! మార్కులు మానేస్తే తల్లిదండ్రులు ఊరుకోరు, స్కూలు అసలే ఊరుకోదు. అందుకని నేను వ్యాఖ్యలు రాసిన నోటుబుక్కులు ముందు ఇచ్చేసి, వాళ్ళు తప్పులు సరిచేసుకున్నాక మార్కులు మర్నాడు చదువుతాను. ఇదేమీ పుస్తకంలో చెప్పినది కాదు, పుస్తకానికీ మా స్కూలు రూలుకీ మధ్య నేను కుదుర్చుకున్న రాజీ. నిజానికి ఈ పుస్తకాలు చదివి ప్రయోజనం పొందేవాళ్ళందరూ ఇలాంటి రాజీలతోనే నడుపుతుంటారని నా అభిప్రాయం, పేజీలో ఉన్నది ఉన్నట్టు దింపాలని చూసేవాళ్ళు రెండు వారాల్లో పుస్తకం మూసేస్తారు.

ఇక పనికిరాని పుస్తకాలూ బోలెడు. చూసి నేర్చుకునే పిల్లలు వేరు, విని నేర్చుకునే పిల్లలు వేరు, ఎవరి రకాన్ని బట్టి వాళ్ళకి చెప్పాలి అనే సిద్ధాంతం ఇప్పటికీ ఎన్ని పుస్తకాల్లో, ఎన్ని ట్రైనింగుల్లో తిరుగుతోందో. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు దాని మీద వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి, అలా విడదీసి చెప్పడానికి తగినంత ఆధారం లేదని తేల్చారు. అయినా చక్కటి బొమ్మలతో, రంగుల చార్టులతో అది అచ్చవుతూనే ఉంది. ఇంకో రకం పుస్తకాలు ఉంటాయి, వాటిలో ప్రతి అధ్యాయం చివర్లో మొండి పిల్లాడు మారిపోతాడు, క్లాసంతా చప్పట్లు కొడుతుంది, టీచర్ కళ్ళు చెమరుస్తాయి. వాటిని నేను నవలలు చదివినట్టు చదువుతాను. ఏ పద్ధతి గురించైనా రాసేవాళ్ళు ముందు తమ క్లాసులో ఎంతమంది పిల్లలున్నారో, వారానికి ఎన్ని పీరియడ్లు చెప్పేవారో, ఆ పద్ధతి ఎక్కడ బెడిసికొట్టిందో రాయాలి. అది లేకుండా 'పిల్లలు అద్భుతంగా స్పందించారు' అంటే నేను నమ్మను.

పుస్తకం మంచిదైనా దాన్ని పాడుచేసే పద్ధతులు స్కూళ్ళ దగ్గర చాలానే ఉన్నాయి. ఒకే పుస్తకాన్ని అందరికీ పంచి, చదివినట్టు సంతకం చేయించుకుని, అధ్యాయానికి ఒక పేజీ రిపోర్టు రాయమంటారు. రిపోర్టు రాసేస్తాం, చదవడమే ఉండదు. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1980ల్లో చెప్పిన మాట ఇక్కడ గుర్తుకొస్తుంది, కొత్త పద్ధతి గురించి వినడం, ఒకసారి చేసి చూపిస్తే చూడడం, ఇంతవరకే అయితే అది క్లాసు దాకా పోవడం చాలా అరుదు, తోటి టీచర్లు పక్కన ఉండి చూస్తూ, మాట్లాడుకుంటూ ఉంటే పోతుంది. అంటే ముగ్గురు కలిసి ఒక్క అధ్యాయం చదవడం, అందులో ఒక్క పని ఎంచుకోవడం, ఒకరి క్లాసులో ఒకరు వెనక బెంచీలో కూర్చోవడం. దీనికి డబ్బు అక్కర్లేదు, టైంటేబుల్లో ఒక ఖాళీ పీరియడ్ అందరికీ ఒకేసారి పడితే చాలు, అదే దొరకదు. ఖాళీ పీరియడ్ కనిపిస్తే సెలవు పెట్టిన టీచర్ క్లాసుకి పంపేస్తారు.

తెలుగు మీడియంలో చెప్పే టీచర్లకి ఇంకో ఇబ్బంది, ఈ పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి, అదీ పరిశోధకుల ఇంగ్లీషు.

అందుకే మీకు నా విన్నపం. నెలకొకసారి, అర కాలమ్ ఇచ్చినా చాలు, టీచర్ల కోసం వచ్చిన ఒక పుస్తకాన్ని తెలుగులో పరిచయం చేయించండి. రచయిత స్నేహితుల చేతా, పబ్లిషర్ల చేతా వద్దు. ఆ పుస్తకంలోంచి ఒక పని తీసుకుని కొన్ని వారాలు క్లాసులో చేసి చూసిన టీచర్ చేత రాయించండి, కుదరలేదని రాసినా వేయండి, అసలు కుదరనివే ఎక్కువ వేయండి. పుస్తకం పేరు కన్నా పైన, ఆ టీచర్ ఏ తరగతికి చెబుతారో, క్లాసులో పిల్లలెంతమందో అచ్చు వేయండి. మిగతాది మేము చూసుకుంటాం.

– ఒక లెక్కల టీచర్