సుసన్నా వెస్లీ ఇంటి బడి

సంపాదకులకు,

మదర్స్ డే నాడు మన చర్చిల్లో ఇంగ్లండ్‌కు చెందిన సుసన్నా వెస్లీ పేరు తప్పక వినిపిస్తుంది. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని కట్టించిన వెస్లియన్ మిషన్, ఆమె కొడుకు జాన్ వెస్లీ మొదలుపెట్టిన మెథడిస్టు ఉద్యమం నుంచి పుట్టిందే. కానీ ‘ప్రార్థనాపరురాలు, 19 మంది బిడ్డల తల్లి’ అనడంతోనే ప్రసంగం ముగుస్తోంది. ఇల్లు ఎలా నడిపారో ఆమే 1732 జూలైలో జాన్‌కు ఉత్తరంలో రాసిపెట్టారు. అది చదివి వినిపించేవారే కరువు.

బిడ్డకు ఐదేళ్లు నిండిన మర్నాడే అక్షరాభ్యాసం. ముందురోజే ఇల్లు సర్ది, ఎవరి పని వారికి అప్పగించేవారు. ఉదయం 9 నుంచి 12, మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా ఆ గదిలోకి ఎవరూ రాకూడదు. ఒక్కరోజులో అక్షరాలన్నీ వచ్చేయాలి. ఇద్దరాడపిల్లలకు మాత్రం రోజున్నర పట్టింది. వెంటనే ఆదికాండం మొదటి అధ్యాయం పట్టించేవారు. ఒక వచనం తడుముకోకుండా చదివాకే రెండోది.

సాయంత్రం ప్రార్థన, భోజనం అయ్యాక 7కి ఒళ్లు కడిగి, 8కల్లా అందరినీ పడుకోబెట్టేవారు. నిద్రపట్టేదాకా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

1709లో ఇంగ్లండ్‌లోని ఎప్‌వర్త్ ఊళ్లో వాళ్ల ఇల్లు కాలిపోయింది. పిల్లలు తలో ఇంట పెరగాల్సి రావడంతో మొరటు మాటలు, పాటలు అలవడ్డాయి. ఆదివారం పాటింపు పోయింది. ఇల్లు మళ్లీ కట్టాక ఆమె కొత్త పద్ధతులు పెట్టారు. బడి మొదట్లోనూ చివర్లోనూ కీర్తన పాడాలి. సాయంత్రం 5కి పెద్దపిల్లలు తలా ఒక చిన్నబిడ్డను దగ్గరకు తీసుకుని ఆ రోజుకు నిర్ణయించిన బైబిలు కీర్తనలు, కొత్త నిబంధనలో ఒక అధ్యాయం చదవాలి. తర్వాతి ఏళ్లలో వారంలో ఒక్కో రాత్రి ఒక్కో బిడ్డతో ఏకాంతంగా మాట్లాడేవారు. జాన్‌ది గురువారం.

ఏడాది నిండగానే, కొందరికి అంతకుముందే, బెత్తం భయం నేర్పడం మాత్రం ఈనాడు ఎవరూ అనుసరించకూడదు. దెబ్బల భయంతోనే పిల్లలు అబద్ధమాడతారని ఆమే గమనించారు. అందుకే తప్పు ఒప్పుకుంటే దెబ్బ లేదనీ, ఒకే తప్పుకు రెండుసార్లు శిక్ష లేదనీ నియమం పెట్టారు.

మరో నియమం: బాగా చదవడం వచ్చేదాకా ఏ ఆడపిల్లకూ కుట్టుపని అప్పగించకూడదు. చదువుకన్నా ముందు కుట్టు నేర్పడం వల్లే వినసొంపుగా చదవగల స్త్రీలు తక్కువయ్యారన్నది ఆమె చెప్పిన కారణం. ఈసారి ప్రసంగాల్లో ఈ నియమాన్నీ చదివి వినిపించాలని సంఘ కాపరులను కోరుతున్నాం.

— కొందరు సండేస్కూల్ ఉపాధ్యాయులు, మెదక్