వార్షిక నివేదిక 2024–25: హార్ప్ కచేరీ, దాని జమాఖర్చు, మిగతా సంగతులు

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు ఏటా మీ చేతికి అందే మన కాలనీ సంఘం నివేదికే ఇది. ఆనవాయితీ ప్రకారం ఏప్రిల్ నుంచి నెలవారీగా రాసుకుంటూ రావాలి. ఈసారి అలా రాయడం లేదు. ఈ ఏడాది కార్యవర్గం సమయంలో చాలా భాగం ఒక్క పనికే పోయింది. వీధిలో కనబడ్డ ప్రతివారూ అడుగుతున్నదీ దాని గురించే. అందుకని జనవరి 26 కచేరీతోనే మొదలుపెడుతున్నాను. మురుగుకాలువ, వీధి దీపాల సంగతి చివర్లో ఉంది. అదే కావలసినవాళ్ళు తిన్నగా అక్కడికే వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

కచేరీ చేసిన అమ్మాయి మన కాలనీ పిల్లే. తండ్రిగారి ఉద్యోగం వల్ల చిన్నతనమంతా ఐర్లాండ్‌లో గడిచింది. ఆ దేశానికి హార్ప్ (వేళ్ళతో మీటే తీగల వాద్యం) రాజముద్ర. వాళ్ళ యూరో నాణేల మీద కూడా అదే బొమ్మ. మన ఊళ్ళో పిల్లల్ని వీణకో వయొలిన్‌కో పంపినట్టే అక్కడ హార్ప్‌కి పంపుతారు, ఈ అమ్మాయీ అలాగే నేర్చుకుంది. అమ్మమ్మగారి ఊరు శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర, ఉద్దానం ప్రాంతంలో. ఉద్దానంలో చాలా ఇళ్ళలో జరిగినట్టే ఆ ఇంట్లోనూ తాతగారికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. డయాలసిస్ మొదలైంది. చూసుకోవడానికి మనిషి కావాలని కుటుంబం వెనక్కి వచ్చేసింది. ఆయన పోయాక కూడా వాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. అమ్మాయి ఇప్పుడు మన సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంటోంది.

దసరా తర్వాత ఒక సాయంత్రం కార్యవర్గ సమావేశానికి తనే వచ్చింది. ఉద్దానం డయాలసిస్ రోగుల కోసం తోటి కళాకారులతో కలిసి కచేరీ చేస్తాననీ, హాలు, టిక్కెట్లు సంఘం చూసుకోవాలనీ అడిగింది. అంతవరకూ అందరూ సంతోషించారు. తర్వాత రెండు షరతులు పెట్టింది. ఒకటి, పాసులు ఉండకూడదు, ఎవరైనా టిక్కెట్టు కొనే రావాలి. రెండు, పక్కవాద్యాల వాళ్ళకు మామూలు కచేరీకి ఇచ్చే పారితోషికం పూర్తిగా ఇవ్వాలి. తనకు మాత్రం ఏమీ వద్దంది.

రెండో షరతు దగ్గర పేచీ వచ్చింది. పుణ్యకార్యానికి పారితోషికమేమిటి, ఒక శాలువా కప్పి జ్ఞాపిక ఇస్తే సరిపోదా అన్నారు పెద్దలు. ఆ అమ్మాయి ఏమీ తొణక్కుండా, "అంకుల్, మైకు సెట్టు ఆయన ఊరికే వస్తారా? జనరేటరు ఆయన? మరి మృదంగం ఆయన ఒక్కరే ఎందుకు ఊరికే రావాలి?" అంది. కోశాధికారి గారు గొంతు సవరించుకున్నారు గానీ జవాబు చెప్పలేదు. తీర్మానం ఓటుకు పెట్టాం. స్వల్ప తేడాతో నెగ్గింది.

ఈ విషయంలో నా మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. విజయనగరానికి సంగీతంలో ఉన్న పేరు కళాకారుల త్యాగంతో మాత్రమే రాలేదు. వాళ్ళ తిండికీ జీతానికీ ఎవరో ఒకరు పూచీ పడ్డారు, అందుకు వచ్చింది. 1919లో విజయనగరం మహారాజా విజయరామ గజపతిరాజు గారు గాన పాఠశాల పెట్టారు, ఇప్పటి మన సంగీత కళాశాల అదే. చూపులేని ఒక కుర్రాడికి సంగీతం చెప్పించాలన్న కోరికే దానికి మూలమని ఊళ్ళో పెద్దలు చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా చేరి 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. వీళ్ళెవరూ శాలువాల మీద బతకలేదు, కొలువు చేసి బతికారు. ఘంటసాల గారు ఇక్కడ చదువుకున్న రోజుల్లో మధూకరం ఎత్తుకున్నారని మనమే గొప్పగా చెప్పుకుంటాం. ఆ గొప్ప జోలె పట్టుకున్న ఆయనదీ, అందులో అన్నం పెట్టిన ఇల్లాళ్ళదీ. "ధర్మం కోసం పాడుతున్నావు కదా, పస్తుండి పాడు నాయనా" అని ఆయనతో ఎవరూ అన్నట్టు లేదు.

హాలు వెతకడం కష్టమవుతుందనుకున్నాం, తేలిగ్గానే దొరికింది. పుష్య మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు, కల్యాణ మండపాలన్నీ ఖాళీ. అద్దె బాగా తగ్గించారు. జనవరి 26 ఆదివారం కావడం మరీ కలిసొచ్చింది. పొద్దున జెండా వందనానికి వచ్చిన వాళ్ళకే అక్కడికక్కడ టిక్కెట్లు అమ్మాం.

హార్ప్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు కాబట్టి నాలుగు మాటలు. ఆర్కెస్ట్రాల్లో వాయించే పెద్ద హార్ప్‌కి 47 తీగలు, కింద 7 పెడళ్ళు ఉంటాయి. దాన్ని కదపడానికి ఇద్దరు మనుషులు కావాలి. మన అమ్మాయిది ఐరిష్ రకం, 34 తీగలది, ఆటోలో పట్టింది. పెడళ్ళు లేవు. ప్రతి తీగకూ పైన చిన్న మీట ఉంటుంది. ఎత్తితే ఆ తీగ అర స్వరం పెరుగుతుంది. షడ్జం తీగలు ఎర్రగా, మధ్యమం తీగలు నల్లగా ఉంటాయి, లేకపోతే అన్ని తీగల మధ్య వేలు దారి తప్పుతుంది. చిటికెన వేలు వాడరు. ముందు వరసలో కూర్చున్న పిల్లలు విరామంలో చుట్టూ మూగి ఇవన్నీ అడిగి తెలుసుకున్నారు. నేనూ వాళ్ళ వెనకాలే నిలబడి విన్నాను.

ఆ వాద్యం మీద మన సంగీతం ఎంతవరకు పలుకుతుందన్నది అసలు ప్రశ్న. స్థాయికి ఏడు తీగలు కాబట్టి ఏడు స్వరాలూ ఉన్న సంపూర్ణ రాగం శ్రుతి చేసుకోవడం సుళువే. ఇబ్బందంతా స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే గమకాల దగ్గర. వీణ మీద మెట్టు దగ్గర తీగ లాగినట్టు దీని మీద లాగడానికి మెట్లే లేవు. గమకాల మీదే నడిచే తోడి, సహాన లాంటి రాగాలు దీనికి ఇచ్చి అవస్థ పెట్టకూడదని అమ్మాయే నిర్ణయించుకుంది. అందుకే కచేరీ ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలతో మొదలైంది. ఇంగ్లీషు బ్యాండు బాణీలకు ఆయన సంస్కృత సాహిత్యం కూర్చినవి అవి. శంకరాభరణంలో గమకాల బరువు లేకుండా నడుస్తాయి కాబట్టి హార్ప్ మీద సొంత ఇంట్లో తిరిగినట్టు తిరిగాయి.

తర్వాత చేసిన పని నాకు మరీ నచ్చింది. శంకరాభరణం శ్రుతిలోనే గాంధారం, నిషాదం మీటలు ఎత్తేసింది. అప్పుడు గాంధారం మధ్యమంలో కలిసిపోతుంది, నిషాదం పై షడ్జంలో కలిసిపోతుంది. మిగిలేది స-రి-మ-ప-ద, శుద్ధ సావేరి రాగం. ఇక ఆ చివర నుంచి ఈ చివరకు వేలుతో గీసుకుంటూ పోయినా అపస్వరమన్న మాటే లేదు. ఆ ఝరి మీద బొబ్బిలి వీణ అందుకుంది. ఒకే పనస దుంగలో తొలిచిన గొల్లపల్లి వీణ అది. కళాశాలలో తన సీనియరే వాయించింది. హార్ప్ పలకలేని గమకాలన్నీ వీణకు వదిలేసి, హార్ప్ కింది స్థాయిలో తోడు నడిచింది. ఇదీ ఏర్పాటు. జుగల్బందీ పేరుతో ఒకరి మీద ఒకరు ఎక్కి వాయించడం చూసి విసిగిన వాళ్ళకు ఆ సాయంత్రం కాస్త తెరిపి.

విరామంలో గాంధార నిషాదాలు అర స్వరం దింపి ఖరహరప్రియ రాగానికి శ్రుతి చేసుకుంది. దింపిన తీగలు కాసేపు కుదురుగా ఉండవు, మళ్ళీ మళ్ళీ సరిచూసుకోవాలి. ఆ సమయానికి జముకు కళాకారుడు వేదిక ఎక్కారు. జముకుల కథలు చెప్పే కుటుంబం వాళ్ళది. తోలు బిగించిన వాద్యం, అందులోంచి వచ్చే ఒక్క తీగ. దాన్ని బిగిస్తూ వదులుతూ మీటితే లయా స్వరమూ రెండూ పలుకుతాయి. రిహార్సల్లో ఆయన హార్ప్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇది మా జముకుకి అప్పలాగుందమ్మా. మాదానికి ఒకటే తీగ, దీనికి ఊరంత సంసారం" అన్నారు. కచేరీలో చప్పట్లు అందరికన్నా ఎక్కువ ఆయనకే పడ్డాయి. మృదంగం, వేణువు వాళ్ళు కూడా నవ్వుతూ ఆయనకే వదిలేశారు.

కచేరీ తేదీ దగ్గర పడ్డాక హార్ప్ పై స్థాయి తీగ ఒకటి తెగింది. విడి తీగలు అంతకుముందే అయిపోయాయి, విదేశం నుంచి తెప్పించడానికి వ్యవధి లేదు. సన్న తీగలు నైలాన్‌వే, గాలానికి కట్టే దారం కూడా నైలానే. చింతపల్లి వైపు మత్స్యకారులు వాడే దారాల్లో నాలుగు రకాలు మన సభ్యుడొకరు తెచ్చారు. ఫిజిక్స్ మేష్టారొకరు స్క్రూగేజీతో తెగిన తీగ మందం కొలిచి, సరిపోయేది ఏరి ఇచ్చారు. కొత్త దారం సాగుతూనే ఉంటుంది కాబట్టి రెండు రోజులు గంటగంటకూ బిగించుకుంటూ కూర్చుంది పాపం. సభలో దాని సంగతి ఎవరికీ తెలియలేదు. ఖర్చుల పట్టికలో "గాలపు దారం" అన్న పద్దు ఎందుకుందో ఆడిటరు గారు అడిగారు. ఇదీ దాని కథ.

మైకు గురించి ఒక్క మాట, వచ్చే ఏడాది ఏ కచేరీ పెట్టినా పనికొస్తుంది. మైకు కుర్రాడు ఊరేగింపులకు అలవాటు పడ్డవాడు, మొదట హార్ప్‌ని డప్పులా వినిపించాడు. వాద్యం వెనక వైపు ఉన్న రంధ్రాల దగ్గర ఒక చిన్న మైకు పెట్టి, ఫ్యాన్లు ఆపించి, స్పీకర్లు సగానికి తగ్గించాక గానీ నాదం రాలేదు. ఫ్యాన్లు లేకపోయినా పుష్య మాసపు చలి కాపాడింది.

ఇక డబ్బు. ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటరు సంతకంతో విడిగా జతచేశాం. కళాకారుల పారితోషికం, మండపం అద్దె, మైకు, కాఫీ ఫలహారాలు పోను మిగిలినదంతా వేరే ఖాతాలో వేశాం. అది సంఘం మామూలు ఖర్చులకు ముట్టుకోవడానికి వీల్లేదని తీర్మానం ఉంది. హాలు పైకప్పు మరమ్మతుకు కొంత మళ్ళిద్దామని వచ్చిన సూచనను కార్యవర్గం తోసిపుచ్చింది. ఉద్దానం పేరు చెప్పి అమ్మిన టిక్కెట్ల డబ్బుతో సిమెంటు కొనలేం.

ఆ డబ్బు దేనికి ఖర్చు చేయాలన్నది అమ్మాయి కుటుంబమే తేల్చింది. డయాలసిస్ ఉచితమే. పలాసలో 200 పడకల ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. ఉద్దానానికి హిరమండలం నుంచి నదీజలం వస్తోంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో పరిశోధకులు ఇప్పటికీ ఒక్క కారణంగా తేల్చలేదు. నీళ్ళు, ఎండలో కష్టం, నొప్పి మాత్రలు, ఇలా చాలావాటి మీద అనుమానాలు ఉన్నాయి. మన సంఘం తేల్చగలిగింది కాదది. కానీ వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకునే మనిషికి తోడు ఎవరో రావాలి. ఆ తోడు వచ్చినవాళ్ళకు ఆ రోజు జీడి తోటలోనో కొబ్బరి తోటలోనో కూలి పోతుంది, పైగా ఆటో ఛార్జీలు, మధ్యాహ్నం భోజనం. "మందులకన్నా తోడొచ్చేవాళ్ళకి భయపడేవారు మా నాన్న, ఎవరి కూలి పోగొడుతున్నానో అని" అన్నారు అమ్మాయి తల్లిగారు. ఆ ఛార్జీలూ భోజనమూ మనం చూస్తున్నాం. నెలకొకసారి మన సభ్యులు ఇద్దరు రైల్లో వెళ్ళి, పేర్లు సరిచూసి, చేతికే ఇచ్చి వస్తున్నారు. రసీదుల పుస్తకం సమావేశంలో బల్ల మీద ఉంటుంది.

పాసుల గురించి రాయకపోతే నివేదిక పూర్తి కాదు. టిక్కెట్టు రెండు వందలు. మన సభ్యుల్లో కొందరు కుటుంబమంతటికీ కొని, రాలేకపోయినా డబ్బు వెనక్కి అడగలేదు. వారికి కృతజ్ఞతలు. పాసుల కోసం నాకు వచ్చిన ఫోన్లు మాత్రం టిక్కెట్ల కోసం వచ్చిన వాటికన్నా ఎక్కువ. "మనకెందుకండీ టిక్కెట్టు, మనం సంఘం వాళ్ళం" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. సంఘం వాళ్ళం కాబట్టే కొనాలి. అధ్యక్షులవారు తన టిక్కెట్టు తనే కొని, గుమ్మం దగ్గర చింపించుకుని లోపలికి వెళ్ళారు. ఆ తర్వాత వాదన పెట్టుకున్నవాళ్ళు తక్కువ.

మిగతా కార్యక్రమాలు క్లుప్తంగా. సెప్టెంబరులో విజయవాడ వరదలప్పుడు బియ్యం, దుప్పట్లు సేకరించి లారీ మీద పంపాం. అక్టోబరు 15న పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఎప్పటిలాగే మజ్జిగ పందిరి వేశాం. ఈసారి గ్లాసులు స్టీలువి పెట్టాం, కడగడానికి యువజన విభాగం కుర్రాళ్ళు నిలబడ్డారు. పోయిన గ్లాసులు పోయాయి. కంటి పరీక్షల శిబిరం జరిగింది. ఉగాది పంచాంగ శ్రవణం జరిగింది. పద్యాల పోటీకి పిల్లలు తక్కువ వచ్చారు, పరీక్షల రోజుల్లో పెట్టకుండా ఉంటే మేలు.

మురుగుకాలువ పూడిక వానలకు ముందు ఒకసారి తీయించాం. మూడో వీధి మలుపు దగ్గర నీరు ఇంకా నిలుస్తోంది, కాలువ వాలే అటు లేదు. కొత్తగా కట్టడం మన చేతిలో పని కాదు, అర్జీ ఇచ్చి ఉన్నాం. వీధి దీపాలు ఆరు మార్పించాం. చందా బకాయిలు పేరుకుపోయాయి. పేర్లు నోటీసు బోర్డు మీద పెడతామని గతేడాదే అన్నాం, ఈ ఏడాది పెడుతున్నాం.

రాబోయే సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు ఓటుకు వస్తాయి. మొదటిది, సంఘం పేరిట జరిగే ఏ సాంస్కృతిక కార్యక్రమానికైనా, అది సహాయార్థమైనా సరే, కళాకారులకు పారితోషికం ముందే బడ్జెట్‌లో చూపాలి. రెండోది, పాసులు పూర్తిగా రద్దు. కార్యవర్గం రెండింటినీ ఏకగ్రీవంగా సిఫార్సు చేస్తోంది. హార్ప్ అమ్మాయి, వీణ అమ్మాయి వచ్చే పుష్యంలో మళ్ళీ వాయిస్తామన్నారు. జముకు ఆయన్ని అడిగితే, ఈసారి కథ కూడా చెప్పనిస్తేనే వస్తానన్నారు. దానికి ఎంత సమయం కేటాయించాలో కూడా ఆ రోజే తేల్చుకుందాం. సమావేశం సాయంత్రం ఆరు గంటలకు మన హాల్లోనే. కోరం లేకపోతే అరగంట ఆగి మొదలుపెడతాం.

ఇట్లు
గౌరవ కార్యదర్శి
విజయనగరం