పాత హిట్ల సంకలనం కొనేముందు

సంపాదకులకు,

అమెరికన్ గాయకుడు జానీ మాథిస్ సంకలనం ‘జానీస్ గ్రేటెస్ట్ హిట్స్’ 1958లో వచ్చింది. హిట్ సింగిల్స్‌ను (విడివిడిగా అమ్మిన పాటలను) ఒకే ఎల్పీకి (పెద్ద గ్రామఫోన్ రికార్డుకు) ఎక్కించే పద్ధతికి ఊపు తెచ్చింది అదే. అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో 490 వారాలు ఉంది. తర్వాత వచ్చిన సంకలనాలన్నీ ఒకలాంటివి కావు. అట్ట వెనక చిన్న అక్షరాలు చూడండి. ‘రీ-రికార్డెడ్’ అంటే మళ్లీ పాడించినవి, తరచూ గాయకుడు రికార్డు కంపెనీ మారాక. గొంతు అదే, వాద్యబృందం వేరు. ‘ఎలక్ట్రానికల్లీ రీచానెల్డ్ స్టీరియో’ అంటే మోనో (ఒకే చానెల్) టేపులోని శబ్దాన్నే చీల్చి బేస్ (మంద్ర స్వరాలు) ఒక స్పీకర్ వైపు, ట్రెబుల్ (తార స్వరాలు) మరోవైపు నెట్టినది. ప్రతిధ్వని కూడా కలిపితే గొంతు బావిలోంచి వచ్చినట్టే. దానికంటే మోనోయే నయం. ఎల్పీలో ఒక్కో పక్కకు 22 నిమిషాలు మించి కుక్కితే గాడులు ఇరుకై శబ్దం తగ్గుతుంది. రికార్డు మధ్యలోని లేబుల్ దగ్గరి ఆఖరి పాటలో ‘స’కారాలు బరబరలాడతాయి.

– ఒక పాఠకుడు