తెలియని ఫైల్ కనిపించగానే డిలీట్ చేయొద్దు

సంపాదకులకు,

‘సీ డ్రైవ్ నిండిపోయిందా? ఈ ఫోల్డర్లు తీసేయండి’ అంటూ వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో తిరిగే సలహాలు బాగా పనిచేస్తున్న ఇంటి కంప్యూటర్లను పాడుచేస్తున్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. దాంతో చాలామంది ఉన్న ల్యాప్‌టాప్‌లోనే విండోస్ 11 వేసుకున్నారు. 128 జీబీ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) అయితే అప్‌గ్రేడ్ పూర్తికాగానే సీ డ్రైవ్ గీత ఎర్రబడుతుంది. అది చూసి కంగారుపడి, పేరు తెలియని ప్రతి ఫోల్డర్‌నూ అనుమానిస్తారు. నిజానికి ఆ స్థలంలో పెద్ద వాటా ‘విండోస్.ఓల్డ్’ ఫోల్డర్‌దే. పాత విండోస్‌కు వెనక్కి వెళ్లాల్సివస్తే పనికొస్తుందని దాన్ని ఉంచుతారు. మామూలుగా 10 రోజుల తర్వాత అదే పోతుంది. అంతవరకు ఆగలేకపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ తెరిచి, పాత విండోస్ ఇన్‌స్టలేషన్ అన్న గడిలో టిక్ పెట్టి తీసేయవచ్చు.

పేరు వింతగా ఉందని ఫైల్ తీసేయించే పుకార్లు కొత్తవి కావు. విండోస్ 98లో పొడవైన ఫైల్ పేర్లను తిరిగి నిలిపే చిన్న ప్రోగ్రామ్‌ను 2001లో వైరస్ అన్నారు. మరుసటి ఏడాది, ఎలుగుబంటి బొమ్మ ఐకాన్‌గా ఉన్న మైక్రోసాఫ్ట్ జావా ఫైల్ వంతు వచ్చింది. అది 14 రోజులు నిద్రపోయి తర్వాత దాడి చేస్తుందని ఈమెయిళ్లు తిరిగాయి. రెండూ విండోస్‌తో వచ్చిన మంచి ఫైళ్లే. నమ్మినవాళ్లు వాటిని తమ చేత్తోనే తీసేశారు.

ఇటీవలి ఉదాహరణ ‘ఐనెట్‌పబ్’. 2025 ఏప్రిల్ అప్‌డేట్ తర్వాత సీ డ్రైవ్‌లో ఈ ఖాళీ ఫోల్డర్ కనిపించింది. మామూలుగా ఇది విండోస్ వెబ్ సర్వర్ వాడుకునే ఫోల్డర్. సున్నా బైట్లు, ఎవరూ వెబ్ సర్వర్ పెట్టుకోలేదు, కాబట్టి పనికిరానిదేనని చాలామంది తీసేశారు. అది భద్రతా లోపాన్ని పూడ్చే మార్పులో భాగమని, వెబ్ సర్వర్ వాడకపోయినా దాన్ని ఉంచాలని మైక్రోసాఫ్ట్ ఆ తర్వాత చెప్పింది. తీసేసినవాళ్లు అదే పేరుతో కొత్త ఫోల్డర్ చేసుకుంటే చాలదు, దానికి ఉండాల్సిన అనుమతులు రావు. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ తెరిచి, ఇంటర్నెట్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్ (విండోస్ వెబ్ సర్వర్ ఇదే)కు టిక్ పెట్టి ఓకే నొక్కితే సరైన అనుమతులతో ఫోల్డర్ తిరిగి వస్తుంది. ఆ తర్వాత టిక్ తీసేసి రీస్టార్ట్ చేసినా ఫోల్డర్ నిలిచే ఉంటుంది.

అన్నిటికన్నా ప్రమాదం, విండోస్ ఫోల్డర్‌లో దాగి ఉండే ‘ఇన్‌స్టాలర్’. తెరిస్తే అర్థంలేని అంకెలు, అక్షరాలు కలిసిన పేర్లతో వందలాది ఫైళ్లు ఉంటాయి. కొన్ని సిస్టమ్‌లలో పదుల జీబీలకు పెరుగుతుంది కూడా. చూడగానే వైరస్ అనిపిస్తుంది, తీసేస్తే ఆ రోజు ఏమీ కాదు. సీ డ్రైవ్ ఖాళీ అయిందని సంతోషం. కొన్ని నెలలకు ఏదో ప్రోగ్రామ్ అప్‌డేట్ చేయబోతే, కావలసిన ఫీచర్ అందుబాటులో లేని నెట్‌వర్క్ చోట ఉందన్న సందేశం వస్తుంది. ఆ ప్రోగ్రామ్ అప్‌డేట్ కాదు, అన్‌ఇన్‌స్టాల్ చేద్దామన్నా కాదు. ఎందుకంటే ప్రోగ్రామ్‌ను మార్చడానికో తీయడానికో విండోస్ వెతుక్కునేది ఆ ఫైళ్లనే. ఇవి ఏ కంప్యూటర్‌కు ఆ కంప్యూటర్‌వే, పక్కింటి సిస్టమ్ నుంచి కాపీ చేసుకుంటే పనిచేయవు. ఎప్పుడో చేసిన డిలీట్‌కూ ఇప్పటి ఎర్రర్‌కూ ఉన్న సంబంధం ఎవరికీ తట్టదు, చివరికి మొత్తం ఫార్మాట్ చేయిస్తారు.

విండోస్ తన సొంత భాగాల ప్రతులను ఉంచుకునే ‘విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్’ ఫోల్డర్ సైజు చూసి కూడా మోసపోవద్దు. అందులోని చాలా ఫైళ్లు విండోస్ ముఖ్య ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్‌లోనూ కనిపించేవే. ఒకే ఇంటికి రెండు గుమ్మాలున్నట్టు, ఉన్నది ఒక్క ఫైలే అయినా ఎక్స్‌ప్లోరర్ రెండుసార్లు లెక్కేస్తుంది. చేత్తో ఏదీ తీసేయొద్దు, డిస్క్ క్లీనప్‌లోని విండోస్ అప్‌డేట్ క్లీనప్ దీన్ని సురక్షితంగా తగ్గించగలదు.

‘హైబర్‌ఫిల్’ సంగతి వేరు, అది నిజంగానే వదిలించుకోదగ్గది. కంప్యూటర్‌ను హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నదాన్ని దాచే ఫైల్ ఇది. సాధారణంగా ర్యామ్ సైజులో 40 శాతం, అంటే 16 జీబీ ర్యామ్‌కు దాదాపు 6.4 జీబీ సీ డ్రైవ్‌లో తీసుకుంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ అని, ఖాళీ వదిలి స్లాష్ హెచ్ అని, మళ్లీ ఖాళీ వదిలి ఆఫ్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కితే విండోసే ఆ ఫైల్‌ను తీసేస్తుంది. హైబర్నేట్‌తోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకు అదేమంత లోటు కాదు.

ఇక, నిజంగా వైరసేమోనని అనుమానం వస్తే? ముందు ఫైల్ ఎక్కడుందో చూడాలి. విండోస్ సర్వీసులను నడిపే ‘ఎస్‌వీసీహోస్ట్’ సిస్టమ్32లో ఉంటే మామూలే, టాస్క్ మేనేజర్‌లో పదుల సంఖ్యలో నడుస్తున్నా భయం లేదు. అదే పేరు టెంప్‌లోనో డౌన్‌లోడ్స్‌లోనో ఉంటే అనుమానించాలి. ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్ (ఫైల్ తయారుచేసినవాళ్ల సంతకం) ట్యాబ్ లేకపోతే నకిలీ అనే సలహా తప్పు. విండోస్ ఫైళ్లలో చాలావాటికి సంతకం విడిగా క్యాటలాగ్ ఫైల్‌లో ఉంటుంది, ట్యాబ్ కనిపించదు. అనుమానం తీరకపోతే విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. దాదాపు పావుగంట పడుతుంది. అది పట్టింది క్వారంటైన్‌లోకి వెళుతుంది, పొరపాటైతే తిరిగి తెచ్చుకోవచ్చు. తీసేయడానికి ‘ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్’ (విండోస్ సొంత ఫైళ్లకు ఓనర్‌గా ఉండే ఖాతా) అనుమతి కావాలని విండోస్ అంటే అక్కడే ఆగిపోండి. ఓనర్‌షిప్ మార్చి తీసేయమనే వీడియోలను నమ్మొద్దు.

ఇప్పటికే తీసేసి ఉంటే రీస్టార్ట్ చేయకముందే రీసైకిల్ బిన్ చూడండి. షిఫ్ట్ నొక్కి తీసేసినవి అక్కడ ఉండవు. అప్పుడు సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే సిస్టమ్ రీస్టోర్ ప్రయత్నించండి. అదీ లేకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో విండోస్ ఫైళ్లను బాగుచేసే రెండు కమాండ్‌లున్నాయి, ముందు డిజ్మ్ రీస్టోర్‌హెల్త్, తర్వాతే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ. చాలామంది ఈ వరుస తలకిందులు చేస్తారు. ఎస్‌ఎఫ్‌సీ మంచి ప్రతులు తెచ్చుకునేది విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ నుంచే, అదే చెడిపోయి ఉంటే ముందు డిజ్మ్ దాన్ని బాగుచేయాలి. పోయిన డీఎల్‌ఎల్ (ప్రోగ్రామ్‌లు పంచుకునే ఫైల్)ను ఏదో వెబ్‌సైట్ నుంచి దించుకోవద్దు.

కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో డ్రైవ్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారి ఉండవచ్చు. సిస్టమ్ బూట్ కాక రికవరీలోకి వెళితే ఈ ఎన్‌క్రిప్షన్‌ను విప్పే 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతుంది. అది లేకపోతే ఫొటోలూ పత్రాలూ తెరుచుకోవు. కాబట్టి సిస్టమ్ బాగున్న ఈ రోజే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి.

తెలుగు పత్రికల సాంకేతిక పేజీలకు నా విన్నపం ఒకటే. ఏ ఫోల్డర్‌నైనా తీసేయమని రాసేటప్పుడు అది దేనికి ఉందో, విండోస్‌లో ఏ మెనూ నుంచి తీయాలో, తేడా వస్తే ఎలా తిరిగి తెచ్చుకోవాలో అదే పేరాలో అచ్చువేయండి.

భవదీయుడు,
ఒక కంప్యూటర్ సర్వీస్ టెక్నీషియన్,
విజయవాడ