ట్రిగ్గర్‌ను ఆకురాయికి ఇవ్వొద్దు రమణా

చిత్తూరు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే రమణా,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిన మాట రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. మీ నాయన రైఫిల్ ట్రిగ్గర్ గట్టిగా ఉందని ఎవరో మెకానిక్ ఆకురాయితో అరగదీసి తేలిక చేస్తానన్నాడు కదా, దయచేసి ఇవ్వొద్దురా. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

మన ఇద్దరివీ ఇషాపూర్ తుపాకుల కర్మాగారంలో చేసిన 315 బోరు రైఫిళ్ళే. సైన్యం వాడిన 303 తూటా మామూలు జనం చేతికి రాకూడదని తెల్లవాళ్ళు ఆంక్ష పెట్టడం వల్ల ఈ 315 వచ్చింది గానీ, లోపలి పని మాత్రం పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్‌దే. దాని ట్రిగ్గర్‌ను రెండు దశల్లో నొక్కాలి. పైభాగంలో రెండు చిన్న బొడిపెలుంటాయి చూడు, మొదటిది సియర్‌ను, అంటే తూటాను కొట్టే పిన్నును పట్టి ఆపే కొక్కేన్ని, కొంచెం కిందికి దించుతుంది, రెండోది పూర్తిగా వదిలిస్తుంది. సైన్యం రైఫిళ్ళకు మొదటి దశకు 3, 4 పౌండ్లు, రెండోదానికి 5, 6 పౌండ్ల బరువు ఉండాలని లెక్క. ఆ బరువు లోపం కాదురా, అదే మనకు రక్షణ. సియర్ అంచు అరిగితే బోల్టు (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) మూసేటప్పుడే పేలిపోవచ్చు.

నాకు జరిగింది విను. ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేసే ముందు తుప్పు పట్టకూడదని కొబ్బరినూనె బాగా పూశాను. నెలల తర్వాత తీసుకొచ్చి చూస్తే లోపలంతా బంకలా గడ్డకట్టింది. ట్రిగ్గర్ నొక్కి వదిలితే నెమ్మదిగా వెనక్కి వస్తోంది. ప్రాణం ఉసూరుమంది.

బాగుచేయడం కష్టమేమీ కాలేదు. ముందు మేగజైన్ తీసి, బోల్టు తెరిచి, గుండు ఉండే చోటు కంటితో చూసి, వేలు పెట్టి కూడా తడిమాను. తూటాలు పక్క గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాను. తర్వాత సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తో ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు మరలు విప్పాను. మన రైఫిల్లో ట్రిగ్గర్ గార్డుకే ఉంటుంది కాబట్టి రెండూ కలిసి వచ్చేస్తాయి. సియర్ పైనే ఉండిపోతుంది. దాని స్ప్రింగే మేగజైన్ గొళ్ళేన్నీ పట్టి ఉంచుతుంది, అందుకని దాన్ని విప్పకుండానే పాత టూత్‌బ్రష్‌ను కిరసనాయిలులో ముంచి తోమాను. నల్లటి మడ్డి ఎంత దిగిందో! పొడిగుడ్డతో తుడిచి, ఇరుసుల దగ్గర కుట్టుమిషన్ ఆయిల్ ఒక్కొక్క చుక్క వేశాను. ఎక్కువ వేస్తే దుమ్ము పట్టి మళ్ళీ అదే గతి.

ఇంకొకటి, ఇది చాలామంది పట్టించుకోరు. ట్రిగ్గరేమో గార్డుకు, సియరేమో పైన ఇనుప బాడీకి ఉన్నాయి కదా, మధ్యలో ఉన్నది చెక్క. మన ఎండలకు చెక్క కుంచించుకుపోయినా, మర వదులైనా వాటి మధ్య దూరం మారి నొక్కుడే మారిపోతుంది. నీది హఠాత్తుగా గట్టిపడిందంటే తప్పు ఇనుములో కాకుండా చెక్కలోనే ఉండొచ్చు. అవిసెనూనె పలచగా రుద్దుతూ ఉంటే చెక్క బాగుంటుంది.

బిగించాక పరీక్ష తప్పనిసరి. ఖాళీ రైఫిల్ బోల్టు మూసి, దాని వెనక చెక్క కొనను పరుపు మీద గట్టిగా తట్టాలి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి వదిలి, సేఫ్టీ తీయాలి. రెండిట్లో ఎప్పుడు పిన్ను పడిపోయినా ఇక దాన్ని వాడకూడదు. లైసెన్స్ ఉన్న తుపాకీల దుకాణానికే ఇచ్చి సియర్ మార్పించాలి.

అప్పటిదాకా ఎవరినీ ముట్టుకోనీకు. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకే పుంగనూరు వస్తాను, బ్రష్షూ ఆయిలూ నేనే తెస్తాను. అమ్మను సంగటి, చెనక్కాయల చట్నీ చేసి పెట్టమను.

నీ
మురళి