రష్యన్‌లో పోయిన సున్న

ఒరేయ్ వాసూ,

ఎలా ఉన్నావురా? జవాబు ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. రష్యన్ క్లాసులో చేరాక సాయంత్రాలన్నీ దానికే పోతున్నాయి. ఇవాళ మాత్రం నీకు చెప్తే గానీ నిద్రపట్టదని కూర్చున్నా.

మొన్న పొరుగువాడికి మాట నేర్చుకున్నాం. సోసెద్. 'సో' అంటే కలిసి, 'సెద్' అంటే కూర్చోవడం. మన పక్కనే కుదురుకున్నవాడన్నమాట. ప్ర, పరా, అప, సమ్ అంటూ ఉపసర్గలు వల్లించేవాళ్ళం, గుర్తుందా? ఆ నాలుగోదానికి చుట్టమే ఈ 'సో'! ఇక 'సెద్' మన సదస్సులో ఉన్న 'సద్'. రెండూ కలిపితే సంసద్. ఢిల్లీలో పార్లమెంటుకి హిందీ పేరు, మాస్కోలో పక్కింటాయన, ఇద్దరిదీ ఒకే మాటల పొత్తు. నాకైతే ఒళ్ళు పులకరించింది.

మరి 'సం'లోని సున్న రష్యన్ 'సో'లో ఏమైంది అంటావా? నాకూ అదే అనుమానం. పోలిష్ మాట విన్నాక తీరింది. వాళ్ళు 'సోఁశాత్' అంటారు. రాసేటప్పుడు ఇంగ్లీషు 'ఏ' అక్షరం కింద చిన్న తోక పెడతారు, పలికేది ముక్కుతో. అచ్చం మన అరసున్న! ఉక్రేనియన్‌కి వచ్చేసరికి అదీ పోయి 'సుసీద్' మిగిలింది. తమిళంలో మూన్ఱు ఉంది, మన పాత పుస్తకాల్లో మూఁడు, ఇప్పుడు మూడు. అదే వరస కదరా!

ఈ ఉపసర్గకి 'సున్' లాంటి ఇంకో పాత రూపం ఉండేది. అదే ఇప్పుడు 'తో' అనే అర్థంలో 'స్'గా మిగిలింది. రష్యన్‌లో 'అతనిచేత' అంటే 'ఇమ్'. 'అతనితో' అంటే 'స్ ఇమ్' కావాలి, కానీ 'స్ నిమ్' అంటారు. సర్వనామానికి ముందు ఇలాంటి విభక్తి మాట ఉంటే నకారం చేర్చాలని పాఠంలో రూలు చెప్తారు. నిజానికి ఆ 'న' బయటినుంచి రాలేదు. 'సున్' చివర ఉన్నది అక్కడ రాలిపోయి పక్క సర్వనామానికి అంటుకుంది. తర్వాత మిగతా విభక్తి మాటలకీ అలవాటైంది.

చిన్నప్పుడు విశాలాంధ్రలో కొన్న మాస్కో పుస్తకాల్లో 'సోవియట్' ఎన్నిసార్లు చదివాం! అదీ 'సో'నే. కలిసి మాట్లాడుకోవడం, ఆలోచన, సభ. 1957 అక్టోబర్ 4న ఎగిరిన స్పుత్నిక్‌లో మొదటి 'స్' కూడా ఇదే. 'పుత్' అంటే దారి, మన పథానికి బంధువు. స్పుత్నిక్ అంటే తోటి బాటసారి.

ఇది విని రష్యన్ సంస్కృతంలోంచి పుట్టిందని ఎవరికీ ఫార్వర్డ్ చేయకు. ఒకటి ఇంకోదానికి తల్లి కాదు, రెండూ ఒకే పాత భాష నుంచి చీలిన దాయాదులు. నాకు ఆ చుట్టరికమే ఎక్కువ నచ్చింది.

మీ తాతగారి నిఘంటువులో అరసున్నలన్నీ ఉండేవి కదా? మూఁడు, వాఁడు ఉన్న పేజీలు ఫోటో తీసి పంపరా. మా టీచర్‌గారికి చూపించాలి.

నీ
శీను