నిజాం నగలకు హైదరాబాదులోనే శాశ్వత ప్రదర్శనశాల కావాలి

సంపాదకులకు నమస్కారం.

నిజాం నగల్లో పేరుపొందిన జాకబ్ వజ్రం గోల్కొండ గనుల్లో దొరికిందని చాలామంది ఇప్పటికీ నమ్ముతారు గానీ, అది దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన రాయి అని చరిత్రకారులు చెబుతారు. సుమారు 185 క్యారెట్ల ఈ వజ్రాన్ని 1891లో అలెగ్జాండర్ మాల్కం జాకబ్ అనే సిమ్లా వ్యాపారి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అమ్మజూపగా, ఆ బేరం విషయంలో తలెత్తిన తగాదా కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. ఆ వ్యవహారంతో విసిగిన నిజాం దాన్ని ఇష్టపడలేదనీ, ఆయన మరణం తరువాత అది చెప్పు ముందుభాగంలో కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దొరికిందనీ, ఆయన దాన్ని కాగితాలపై బరువుగా వాడారనీ అంటారు.

కేంద్ర ప్రభుత్వం 1995లో ఈ వజ్రంతో సహా 173 నిజాం నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. ముత్యాల సత్లడా (ఏడు పేటల హారం), పచ్చలు పొదిగిన తలపాగా ఆభరణాలు, వడ్డాణాలు, ఉంగరాలు అందులో ఉన్నాయి. పనితనం విషయంలో నాకు వజ్రం కంటే ఆ సత్లడాయే గొప్పదనిపిస్తుంది. 2001లోనూ 2006లోనూ సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు వాటిని మన జనం చూడగలిగారు. ఆ తరువాత అవి రిజర్వు బ్యాంకు ఖజానాకే తిరిగి వెళ్లాయి. ప్రజాధనంతో కొన్న ఈ సంపదకు తగిన భద్రతతో హైదరాబాదులోనే శాశ్వత ప్రదర్శనశాల ఏర్పాటు చేయవలసిందిగా కేంద్ర సాంస్కృతిక శాఖను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాదు